షెర్లిన్‌కు రానివి

ఫిబ్రవరి 3, సోమవారం

మొదటి రోజు బాగానే జరిగింది.

అనుకున్నదానికంటే గంటన్నర ఆలస్యంగా మొదలైంది, అదేం పెద్ద విషయం కాదు. హాల్లో గోడకు టైంటేబుల్ అంటించాను, నాలుగు రంగుల స్కెచ్ పెన్నులతో. ఇంగ్లిష్, తెలుగు, లెక్కలు, సైన్సు, బొమ్మలు. షెర్లిన్ బొమ్మలతో మొదలుపెడదామంది. వద్దన్నాను. ఏడ్చింది. అలా కాసేపు పోయింది.

అత్తయ్య సోఫాలో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ మొత్తం చూసింది. ఒక్క మాటా అనలేదు. ముప్పై నాలుగేళ్ళు మిషన్ బడిలో చిన్న తరగతులకు చెప్పి రిటైరైన మనిషి నా హాల్లో ఇన్‌స్పెక్టర్‌లా కూర్చుంటే ఎవరికైనా నోరు తడారిపోతుంది. ఏదో ఒకటి అనెయ్యవచ్చు కదా. అనదు.

పొద్దున లిఫ్ట్ దగ్గర కింది ఫ్లోర్ ఛాయాదేవి గారు పట్టుకుంది. "ఏంటమ్మా, పాపకి ఇవాళ స్కూల్ లేదా?"

"మాన్పించామండి. ఇంట్లో నేనే చెబుతున్నాను."

"అయ్యో! ఏం చేసిందీ?"

పిల్లను బడి మాన్పిస్తే పిల్లే ఏదో నేరం చేసినట్టు. చెప్పాలనిపించింది ఆవిడకు. మూడో తరగతి పిల్లను చదవమని నిలబెట్టి, నోరు పెగల్లేదని తీసుకెళ్ళి ఒకటో తరగతి వాళ్ళ మధ్య నేల మీద రెండు రోజులు కూర్చోబెట్టారండీ అని. రెండో రోజు గౌను తడుపుకుందండీ అని. ఎనిమిదేళ్ళ పిల్ల. నేను వెళ్ళి ప్రిన్సిపల్ టేబుల్ గుద్ది, ఆ క్లాసు మిస్ మీద అరిచి, టీసీ తెచ్చుకున్నాను. చెప్పలేదు. ఆవిడకు చెబితే సాయంత్రానికి అపార్ట్‌మెంట్ మొత్తం నా పిల్ల గౌను గురించి మాట్లాడుకుంటుంది.

మా ఆయన జెరెమియా మాత్రం షరతు పెట్టాడు. "జూన్ పన్నెండు. స్కూల్స్ తెరిచే రోజు. గప్పటికి పిల్ల సాఫ్‌గా చదవాలె. లేకుంటే మళ్ళ స్కూలే. బహస్ లేదు."

నాలుగు నెలల టైముంది. చాలా ఎక్కువ.

ఫిబ్రవరి 6

"ఇయ్యాల ఏం చెప్పినవ్?" అని అడుగుతాడు, బూటు విప్పుతూ. నా మొహం చూడడు. క్యాబ్ వాణ్ణి ఎక్కడున్నావని అడిగే గొంతు. ఇంగ్లిష్ రెండు పాఠాలు అయ్యాయన్నాను. నిజానికి ఒకటే.

ఫిబ్రవరి 12

ఇంట్లో చదువు చెప్పే తల్లుల వాట్సాప్ గ్రూపులో చేరాను. ఒకావిడ కొడుకు ఏడేళ్ళకే సొంతంగా సోలార్ కుక్కర్ చేశాడట. ఇంకొకావిడ కూతురు చెట్లతో మాట్లాడుతుందట. మా అమీర్‌పేట సందులో చెట్లు లేవు, హాస్టల్ బోర్డులున్నాయి. "మీ ప్రయాణం గురించి చెప్పండి" అన్నారు. గ్రూపు మ్యూట్ చేశాను.

ఫిబ్రవరి 20

చదువుతోంది! నేనే కనిపెట్టిన పద్ధతి. నేను ఒకసారి చదివి వినిపిస్తాను, తర్వాత తను చదువుతుంది. ఒక్క తప్పు లేదు. ఇంగ్లిష్ పాఠం ఒకటి, తెలుగు పాఠాలు రెండు అలా అయిపోయాయి. ఇన్నాళ్ళూ అది బడి తప్పే అని తేలిపోయింది. ప్రేమగా చెబితే ఎందుకు రాదు?

అత్తయ్య వంటింట్లోంచి, "నువ్వు ముంగట చదవకుంట ఒకసారి చదివియ్యి" అంది. పదిహేను రోజుల తర్వాత నోరు తెరిచి అన్న మాట ఇది. పిల్ల చదువుతుంటే ఓర్వలేదు.

ఫిబ్రవరి 27

బాగా చదువుతోంది.

మార్చి 8, శనివారం

ఈస్టర్‌కు ముందు వచ్చే శ్రమకాలపు ఇంటి కూడికలు, ప్రార్థనలు మొదలయ్యాయి. రోజుకొకరి ఇంట్లో. మా వంతు ఇరవై ఒకటి, శుక్రవారం. బైబిల్ వాక్యపఠనం షెర్లిన్ చేస్తుందని మా పాస్టరు విజయరత్నం అయ్యగారికి ఫోన్ చేసి చెప్పేశాను. ఆయన చాలా సంతోషించారు. జెరెమియా తలెత్తి చూశాడు. "చదువుతదా?" "చదువుతుంది" అన్నాను. అత్తయ్య చిక్కుడుకాయ కూడా పక్కన పెట్టి చూసింది. చూడనీ.

సాఫ్ట్‌వేర్ కోచింగ్ సెంటర్లో పదకొండేళ్ళు కౌన్సెలర్‌గా చేశాను. మెట్లెక్కి వచ్చిన కుర్రవాణ్ణి కోర్సులో చేర్పించకుండా దిగనిచ్చేదాన్ని కాదు. డెమో క్లాసు ఎలా ఉండాలో నాకు తెలిసినట్టు ఎవరికి తెలుసు? ట్రైనర్ స్క్రీన్ మీద ప్రోగ్రాం రాస్తాడు, మొదటిసారే పని చేస్తుంది, కుర్రాళ్ళు నోరెళ్ళబెడతారు. మొదటిసారే ఎందుకు పని చేస్తుందంటే దాన్ని ముందు రోజు నలభై సార్లు నడిపి చూస్తారు కాబట్టి. అది మోసం కాదు. తయారీ.

మార్చి 15

కూడికలో చదవాల్సిన కీర్తన పన్నెండు సార్లు చదివించాను. గుక్క ఎక్కడ తిప్పుకోవాలో కూడా నేర్పాను. షెర్లిన్ పదమూడోసారి, "అమ్మా, పుస్తకం మూసి చెప్పనా?" అంది. తెరిచే ఉంచమన్నాను.

మార్చి 21

ఇవాళ్టి గురించి రాయను.

మార్చి 22

రాస్తాను. ఎవరు చదువుతారు కనక.

పద్దెనిమిది మంది వచ్చారు. చాపలు చాలక దుప్పట్లు పరిచాం. షెర్లిన్ తెల్ల గౌను వేసుకుని కీర్తన మొత్తం చదివింది. వేలు కూడా పుస్తకం మీద పెట్టి కదిపింది, అది నేను నేర్పలేదు, తనకే తోచింది. ఆమేన్ అన్నారు అందరూ. విజయరత్నం అయ్యగారు తల మీద చెయ్యి పెట్టి, "తల్లి పెంపకం" అన్నారు. ఆ మాటకు ఇల్లంతా నాదే అనిపించింది. అందరికీ టీ ఇచ్చాను, ఛాయాదేవి గారికి కూడా పైకి పిలిచి మరీ ఇచ్చాను.

అందరూ వెళ్ళిపోయాక మేం ఐదుగురం మిగిలాం. మరిది లెవీ బిస్కట్లు తింటూ గోడకు చేరగిలబడ్డాడు. అత్తయ్య షెర్లిన్‌ను దగ్గరికి పిలిచి అదే పేజీ తెరిచింది.

"మంచిగ చదివినవ్ బిడ్డా. ఇప్పుడు ఆఖరి లైన్‌కెల్లి మీదికి చదువు."

షెర్లిన్ ఆఖరి లైను మీద వేలు పెట్టింది. నా వైపు చూసింది. నేను పెదవులు కదిపాను.

"మీ అమ్మ నోట్ల లేదు బిడ్డా. పుస్తకంల ఉన్నది."

పిల్ల ఊపిరి పీల్చుకుని మొదటి లైను నుంచి మొదలుపెట్టింది. అదే గొంతు, అవే విరామాలు. వేలు మాత్రం ఆఖరి లైను మీదే ఉంది.

జెరెమియా కళ్ళు మూసుకున్నాడు. లెవీ నవ్వాడు. "వదినా, డెమో మస్తుంది. కోర్సులనే ఏం లేదు."

ఆ ముసలామె నా పిల్లను వాడి ముందు నగ్నంగా నిలబెట్టింది. ఎప్పటికీ క్షమించను. ఆమెకు నెల రోజుల ముందే తెలుసు. ఆ రోజు వంటింట్లోంచి అన్న మాటకు అర్థం అదే. నాకూ తెలుసా? తెలియదు. నాకు తెలియదు.

మార్చి 23, ఆదివారం

గుడికి వెళ్ళలేదు. "ఇది ఏ అక్షరం?" అని వేలు పెట్టి అడిగితే మళ్ళీ కీర్తన అందుకుంది. వీపు మీద కొట్టాను. రెండుసార్లు.

మార్చి 27

మూడు రోజులు పుస్తకం ముట్టుకోలేదు. ఇవాళ జడ వేస్తూ అడిగాను, కోపంగా కాదు.

"రాకపోతే రాదని నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు సంతోషంగా ఉన్నావ్ కదా."

"అయినా చెప్పాలి కదా నాన్నా."

"చెప్తే నువ్వు మిస్ మొహం పెడతావ్."

జడ సగంలో ఉంది. పూర్తి చేశాను. రిబ్బన్ కూడా కట్టాను. తర్వాత బాత్రూంలోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చాను. టేబుల్ గుద్ది ఎవరి మీద అరిచి వచ్చానో ఆ మనిషి మొహమే నేను ఇంట్లో పెట్టుకుని తిరుగుతున్నానట. నేల మీద కూర్చోబెట్టలేదు, అంతే తేడా. పద్దెనిమిది మంది ముందు నిలబెట్టాను.

మార్చి 29

అత్తయ్య బాల్కనీలో బట్టలు మడతపెడుతోంది. వెళ్ళి నిలబడ్డాను.

"నాకు నేర్పండి."

"బిడ్డకా?"

"బిడ్డకు కాదు. నాకు. చదువు చెప్పడం ఎట్లాగో."

చాలాసేపు మడతలు పెట్టింది. నన్ను నిలబెట్టడం ఆమెకు ఇష్టం. తర్వాత అంది, "నేర్పిస్త. గని ఒక్క మాట. బిడ్డను ఇంట్లనే పెట్టుకొమ్మని నేర్పిస్తలేను. జూన్‌ల బడిల ఏసేదే. ఏసినంక అక్కడ నవ్వులపాలు గావద్దని."

"మీ ఇష్టం వచ్చినట్టు అనుకోండి" అన్నాను.

ఏప్రిల్ 1

టైంటేబుల్ గోడ నుంచి పీకించింది. "గిదెవరి కోసం? మీ ఆయన కోసమా?"

నోట్‌బుక్ ఒకటి పెట్టుకోమంది. "వచ్చినయి రాయకు. రానియి రాస్కో. మా బడిల పిల్లకొక కాయితం ఉంటుండె, గండ్ల రానియే రాస్తుంటిమి. వచ్చింది కొట్టేస్తుంటిమి."

పొద్దునంతా షెర్లిన్‌ను పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కొక్క అక్షరం అడిగాను. మొహం ఎలా పెట్టుకోవాలో తెలియక కిటికీలోకి చూస్తూ అడిగాను. షెర్లిన్‌కు రానివి: ఘ, ఛ, ఝ, ఠ, ఢ, థ, ళ. కొమ్ముకూ కొమ్ముదీర్ఘానికీ తేడా. ఏత్వం మొత్తం. ఒత్తులన్నీ. రెండు పేజీలు అయింది. ఇంగ్లిష్ గురించి అడగడానికి ధైర్యం చాలలేదు.

మూడేళ్ళుగా ఇవి రాకుండా ఆ పిల్ల చెవులతో బతికింది. విన్నది విన్నట్టు అప్పగించి పై తరగతికి వెళ్ళింది. ఒక్కరికీ తెలియలేదు. రిపోర్టు కార్డు మీద మూడేళ్ళూ సంతకం పెట్టింది నేనే.

ఏప్రిల్ 5

"నోరు మూస్కొని కూసో" అంటుంది నన్ను, నా పిల్ల ముందే. "బిడ్డ ఆగితె ఇరవై లెక్కబెట్టు. ఇరవై దాకా నీ నోట్లకెల్లి గాలి గుడ రావద్దు."

ఆరు దాకా వెళ్ళి చెప్పేశాను. స్కేలుతో టేబుల్ మీద కొట్టింది, నా చేతి పక్కనే. నాకు ముప్పై ఐదేళ్ళు.

ఏప్రిల్ 6

ఎనిమిది.

ఏప్రిల్ 11

షెర్లిన్ ఒక మాట దగ్గర ఆగింది. వేలు పెట్టి, పెదవి కొరుక్కుంటూ. నేను లెక్కపెడుతున్నాను. కింద హాస్టల్ కుర్రాళ్ళు బైకు స్టార్ట్ కాక తిట్టుకుంటున్నారు. పదిహేడు దగ్గర పిల్ల "నె... మ... నెమలి" అంది.

నేను చెప్పలేదు. ముసలామె చెప్పలేదు. ఎవరూ చెప్పలేదు!

షెర్లిన్ తలెత్తి మా ఇద్దరినీ చూసి, "నిజమేనా?" అంది. ఔనని తలూపాను.

ఏప్రిల్ 20, ఈస్టర్

గుడిలో లెవీ అందరి ముందూ "వదినా, నెక్స్ట్ డెమో ఎప్పుడు?" అన్నాడు. "నీకు కొమ్ముకూ కొమ్ముదీర్ఘానికీ తేడా తెలుసా?" అన్నాను. తెలియదు. పక్కనున్నవాళ్ళు నవ్వారు. పండుగ పూట ఆ నవ్వు ఒక్కటే నాకు దక్కిన దీవెన.

మే 2

ఏత్వం కొట్టేశాను. కొమ్ములు కొట్టేశాను.

మే 14

ఇవాళ అత్తయ్యతో పెద్ద గొడవ.

య ఒత్తు, అంటే యావత్తు ఉన్న పదాలు పది చదివింది షెర్లిన్. పదకొండో దగ్గర ఎడమ చెవి తమ్మె పట్టుకుంది. నేను పుస్తకం మూసేశాను.

"ఎందుకు మూసినవ్? ఇంక పది ఉన్నయి."

"అయిపోయిందండి దానికి ఇవాళ్టికి."

"బద్ధకం జేస్తుంది. అలవాటు జేస్తున్నవ్."

"బద్ధకం కాదు. చెవి పట్టుకుందంటే ఇంక అక్షరం కనపడదు దానికి. ఆ తర్వాత ఏం చదివించినా వినికిడి మీద అప్పగిస్తుంది. నేను నెల నుంచి చూస్తున్నాను."

"ముప్పై నాలుగేండ్లు చెప్పిన నేను."

"మీరు ముప్పై నాలుగేళ్ళు ఊరి పిల్లలకు చెప్పారు. నేను ఈ ఒక్కదానికే చెబుతున్నాను."

అనేశాక భయమేసింది. ఆమె పుస్తకం లాక్కుని మళ్ళీ తెరిచింది. చదివించింది. పన్నెండో పదం నుంచి షెర్లిన్ అంతకుముందు చదివినవే మళ్ళీ అప్పగించడం మొదలుపెట్టింది, పైనుంచి వరసగా, వేలు కింద ఏముందో చూడకుండా. అత్తయ్య విన్నది. పుస్తకం మూసి, తీసుకెళ్ళి షెల్ఫులో పెట్టింది. నువ్వు చెప్పింది నిజమే అనలేదు. అనదని తెలుసు. మధ్యాహ్నం చేపల పులుసులో ముక్కలన్నీ నాకే వేసింది, అవీ ముళ్ళున్నవే.

మే 30

జెరెమియా పంజగుట్టలో ఒక స్కూల్ చూశాడట. జూన్ పదో తేదీ అడ్మిషన్ ఇంటరాక్షన్. నన్ను అడగలేదు, చెప్పాడు. షెర్లిన్ ఇప్పుడు చదువుతోంది కదా, దానికి ఇదే టైం అట. రాకపోతే బడికి పంపాలన్నాడు. వస్తోంది కాబట్టి బడికి పంపాలంటున్నాడు. నేను ఎటు తిరిగినా ఆయనదే గెలుపు.

జూన్ 4

పంపకూడదని ఎందుకనుకుంటున్నాను? పాత బడి మీద పగా? వీళ్ళందరి మీద గెలవాలనా? ఉద్యోగం వదిలేశాను కాబట్టి ఇంకేం చెయ్యాలో తెలియకనా? అన్నీ కొంచెం కొంచెం ఉన్నాయి. మంచి బడైతే సంతకం పెట్టేద్దామని ఇవాళ నిర్ణయించుకున్నాను. నిజంగానే.

జూన్ 10, మంగళవారం

వెళ్ళాం. ఏసీ గది, గోడల నిండా కప్పులు. కోఆర్డినేటర్ మేడం నవ్వుతూనే ఉంది. షెర్లిన్‌కు మూడో తరగతి తెలుగు పుస్తకం ఇచ్చి ఒక పేజీ తీసింది. జెరెమియా నా చెయ్యి పట్టుకున్నాడు, పెళ్ళినాడు కూడా అంత గట్టిగా పట్టుకోలేదు.

షెర్లిన్ చదివింది. నెమ్మదిగా. రైతుబజార్లో వంకాయలు ఏరుకున్నట్టు ఒక్కొక్క అక్షరం చూసుకుంటూ. ఐదు లైన్లు. మేడం వాచీ చూసుకుంది. ఆరో లైన్లో 'ప్రయాణం' దగ్గర షెర్లిన్ ఆగింది.

నేను లెక్కపెట్టాను. పద్దెనిమిది, పంతొమ్మిది, ఇరవై.

"ఇది నాకు రాదు" అంది షెర్లిన్, గట్టిగా. "కింద ఉన్న ఒత్తు ఇంకా నేర్చుకోలేదు."

"పర్లేదు బేటా, గెస్ చెయ్యి."

"గెస్ చెయ్యను."

నాకు అప్పుడే లేచి ఆ పిల్లను ఎత్తుకుని బయటికి పరిగెత్తాలనిపించింది. పాత బడిలో నోరు పెగలని పిల్ల ఇది!

మేడం పుస్తకం మూసింది. "ఫైన్ సార్. నాలుగో తరగతిలో తీసుకుంటాం. మా నాలుగులో సగం మంది ఇంత కూడా చదవరు."

జెరెమియా మొహం వెలిగిపోయింది.

"మరి ఆ సగం మందిని ఏం చేస్తారండి?" అని అడిగాను.

"ఏం చెయ్యాలి మేడం? క్లాసుకు నలభై రెండు మంది. అందరితో పాటు వెళ్ళిపోతారు."

"రాకపోయినా?"

"ఎవరినీ ఆపం మేడం. డోంట్ వర్రీ."

చాలా మర్యాదగా చెప్పింది. నన్ను ఊరడించడానికే చెప్పింది పాపం. ఫారం నా ముందుకు జరిపింది, తండ్రి సంతకం అయిపోయింది. పెన్ను తీసుకున్నాను, మూత కూడా తీశాను. మూత పెట్టేసి, "సంతకం పెట్టనండి" అన్నాను.

బయట, మెట్రో స్తంభం కింద, జెరెమియా అరిచాడు. కొబ్బరిబోండాల వాడు కత్తి ఆపి మరీ చూశాడు.

"దిమాగ్ ఉందా నీకు? సీట్ ఇస్తా అంటే వద్దంటవా? టీచర్వా నువ్వు? బీఎడ్ చేసినవా? ఏం తెలుసు నీకు?"

నాలుగు నెలల కిందటైతే ఈ మాటకు నేను వారం రోజులు అన్నం తినేదాన్ని కాదు.

"దానికి థ, ఢ ఇంకా కలిసిపోతాయి" అన్నాను. "ళ వచ్చింది. యావత్తు, లావత్తు వచ్చాయి, రావత్తు రాదు. ఇంగ్లిష్‌లో బీ, డీ తారుమారు చేస్తుంది. పొద్దున ముప్పావుగంట చదవగలదు, సాయంత్రం ఇరవై నిమిషాలే. అలిసిపోతే ఎడమ చెవి పట్టుకుంటుంది. విన్నది ఒక్కసారికే బట్టీ వచ్చేస్తుంది, అందుకే ఏదీ ముందు చదివి వినిపించకూడదు. నాకు ఇది తెలుసు. ఆ మేడంకి తెలియదు. నీకూ తెలియదు. నలభై మందిలో వేస్తే ఎవరికీ తెలియదు. అందరితో పాటు వెళ్ళిపోతుంది."

ఏదో అనబోయాడు. షెర్లిన్ మా ఇద్దరి మధ్య నిలబడి ఆయన చెయ్యి పట్టుకుని, "డాడీ, నేను బీ, డీ మొన్నటి నుంచి కరెక్టుగానే రాస్తున్నా" అంది. ఆయన బండి తీశాడు. 

ఇంటికి రాగానే వాళ్ళమ్మకు చెప్పాడు. "మమ్మీ, సంతకం పెట్టలె ఇది. నువ్వే అన్నవ్ గద జూన్‌ల బడిల ఏద్దామని. చెప్పు దీనికి."

"అన్న" అంది అత్తయ్య. నా వైపు తిరిగింది. "ఎందుకు పెట్టలె?"

కోఆర్డినేటర్ అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు చెప్పాను. రాకపోయినా అందరితో పాటు వెళ్ళిపోతారన్నది రెండుసార్లు చెప్పించుకుంది. కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది.

"గట్ల పోయినోళ్ళు పదో తరగతి ఫెయిలై మా బడికే అటెండరు పనికి వస్తుండిరి" అంది. జెరెమియా వైపు చూడకుండానే, "ఈ ఏడు ఉండనియ్యి" అంది.

"మమ్మీ!"

"ఉండనియ్యమన్న గద." తర్వాత నాకేసి, "పొగరు నీకు."

"ఔనండి."

"రేపు ఏం చెప్తవ్?"

"రావత్తు."

"మొదలు నాకు చెప్పి చూపియ్యి. తప్పులుంటె దిద్దుత."

"చూపించనండి" అన్నాను. "తొమ్మిదింటికి షెర్లిన్‌కే చెబుతాను. చూడాలనుంటే వచ్చి కూర్చోండి."

"నాకేం పని? నేను రాను" అంటూ లోపలికి వెళ్ళిపోయింది.

వస్తుంది. రాకపోయినా పాఠం ఆగదు.